మూన తిరిగే దాకా

రాజోలులో ఒక బడికి మొదటి ర్యాంకు తెచ్చుకున్న అబ్బాయి, పాలకొల్లులో ఒక బడికి మొదటి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి, కొత్తపేట నుంచి మరొకరు, మండపేట నుంచి ఇంకొకరు. ఈ నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి పరీక్ష పెడితే ముగ్గురు మొదటి ర్యాంకు పోగొట్టుకుంటారు. ఆ ముగ్గురిలో ఎవరూ చదవడం మానలేదు. ఎవరి తెలివీ తరగలేదు. గది మారింది.

ఈ లెక్క చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. అయినా ఐఐటీల వంటి చోట్ల చేరిన మన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో సరిగ్గా ఇదే అర్థం కాదు. అమలాపురంలో ఇంటర్మీడియట్ పిల్లలకు నేను గణితం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఏటా దసరా సెలవుల అటూ ఇటూ, మొదటి పరీక్షల మార్కులు చేతికొచ్చే రోజుల్లో, నాకు కొన్ని ఫోన్లు వస్తాయి. కిందటేడు ఒక అబ్బాయి ఫోను చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు అన్నాడు: "మాస్టారూ, నాకు లెక్కలు రావని ఇక్కడికి వచ్చాకే తెలిసింది."

వాడికి లెక్కలు వచ్చు. నేను బోర్డు మీద అరపేజీ పట్టేలా చేసిన లెక్కను, వెనక బెంచీలోంచి లేచి వచ్చి నాలుగు వరసల్లో తేల్చినవాడు. అలాంటివాడి నోట ఆ మాట ఎలా వచ్చింది? అందులో తప్పు ఎక్కడుంది? ఆ రెండూ విప్పి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు వడపోత ఎంత గట్టిదో చూద్దాం. 2024లో ఐఐటీల దారిలో మొదటి పరీక్ష జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే. వారిలోంచి రెండో పరీక్ష అడ్వాన్స్‌డ్ దాకా వచ్చి రెండు పేపర్లూ రాసినవారు 1,80,200 మంది. అర్హత పొందినవారు 48,248 మంది. దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి ఆ ఏడాది ఉన్న సీట్లు 17,740. మొదట బయలుదేరిన ప్రతి 80 మందిలో దాదాపు ఒక్కరికే సీటు. ఆ ఒక్కొక్కరినీ ఏరి ఒక చోట పోగుచేశాక, వాళ్లను మళ్లీ వరసలో నిలబెడితే ఏమవుతుంది? సగం మంది కింది సగంలో పడతారు. ఎంత కష్టపడి చదివినా, అందరూ కలిసి రెట్టింపు చదివినా, సగం మంది కింది సగంలోనే ఉంటారు. అది వరస అనే దాని స్వభావం.

దీనిలోనే ఇంకో సూక్ష్మం ఉంది. మామూలు తరగతిలో మొదటి పిల్లవాడికీ ఇరవయ్యో పిల్లవాడికీ మధ్య తేడా కంటికి కనిపిస్తుంది. గట్టిగా వడపోసిన తరగతిలో తేడాలు సన్నబడిపోతాయి. ర్యాంకు మాత్రం ఆ సన్నదనాన్ని చూపించదు. మా కోనసీమలో ఒకే ఏడు నాటిన కొబ్బరితోటలోకి వెళ్లి చూడండి. చెట్లన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు. ఎవరైనా పట్టుబట్టి టేపుతో కొలిచి ఎత్తును బట్టి అంకెలు వేస్తే ఒకటో నంబరు చెట్టూ ఉంటుంది, నూరో నంబరు చెట్టూ ఉంటుంది. నూరో నంబరు పడింది కదా అని కాయల దింపు తీసేటప్పుడు ఆ చెట్టును ఎవరూ వదిలేసి పోరు.

ఐఐటీలంటే దూరంగా అనిపించవచ్చు. మన పల్లెల నుంచి ఏటా పిల్లలు వెళ్లే నూజివీడు ట్రిపుల్ ఐటీని చూడండి. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో పెట్టిందే పల్లె బడుల్లో బాగా చదివే పిల్లల కోసం. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం. పదిహేను, పదహారేళ్ల వయసులో, ఊళ్లో "ఫస్టొచ్చిన పిల్ల" అన్న పేరుతో వెళ్లిన అమ్మాయికి, పక్క మంచం మీద అమ్మాయిదీ అదే పేరని మొదటి రాత్రే తెలుస్తుంది. ఐఐటీ పిల్లలు పద్దెనిమిదేళ్లకు ఎదుర్కొనేదాన్ని ఈ పిల్లలు ఇంకా లేత వయసులో ఎదుర్కొంటున్నారు.

మళ్లీ నా విద్యార్థి దగ్గరికి వస్తాను. "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడిగాను. "నలభైకి పదకొండు" అన్నాడు. "తరగతి సగటు ఎంత?" అని అడిగాను. కాసేపు వెతికి, "పద్నాలుగు" అన్నాడు. ఆ సగటును వాడు అప్పటిదాకా చూడనే లేదు. పదకొండును నలభైతో భాగించి శాతం తీశాడు, ఇరవై ఏడున్నర వచ్చింది, ఇంటర్మీడియట్‌లో 35 శాతం లేకపోతే తప్పినట్టే కాబట్టి తాను తప్పానని తేల్చుకున్నాడు. కొత్త ఊరి నాణేన్ని పాత ఊరి ధరలతో లెక్కపెట్టాడు.

మన ఇంటర్మీడియట్ ఎంపీసీ లెక్క చూడండి. మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530, మొత్తం వెయ్యి మార్కులకు నడిచిన చదువు అది. సంస్కృతం రెండో భాషగా తీసుకుంటే మార్కులు పోవని అదే తీసుకునేవాళ్లు. వెయ్యికి 985 తెచ్చుకున్న పిల్లను కూర్చోబెట్టి "ఆ పదిహేను ఎక్కడ పోయాయి?" అని అడిగే ఇళ్లు నాకు తెలుసు. అలా అడిగిన ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి, దానికి బాధపడుతున్నాను. ఆ వ్యవస్థలో మార్కు పోవడమంటే పొరపాటు జరిగినట్టు. పెద్ద విద్యాసంస్థల్లో ప్రశ్నపత్రం వేరే ఉద్దేశంతో తయారవుతుంది. వడపోసిన తరగతికి మామూలు ప్రశ్నలిస్తే అందరికీ 38, 39 వస్తాయి, ఎవరికి ఎంత లోతు ఉందో తెలియదు. అందుకని ప్రొఫెసర్లు చాలామంది సగటు సగానికి దిగువన ఉండేలా ప్రశ్నలు ఇస్తారు. అక్కడ మార్కు పోవడం ప్రశ్నపత్రంలో ముందే రాసిపెట్టి ఉన్న సంగతి.

ఆ మార్కులు గ్రేడుగా మారే తీరు కూడా వేరే. ఐఐటీ మద్రాసులో ఎస్ అంటే 10 పాయింట్లు, ఏ అంటే 9, బీ అంటే 8. బొంబాయిలో ఏఏ అంటే 10, ఏబీ అంటే 9. అక్షరాలు ఏవైనా, చాలా కోర్సుల్లో గ్రేడును తేల్చేది తరగతిలో మిగతావాళ్ల మార్కులతో పోలిక. సగటు 14 ఉన్న పరీక్షలో 24 వచ్చినవాళ్లకు పై గ్రేడు రావచ్చు. సగటు 33 ఉన్న పరీక్షలో అదే 24కు కింది గ్రేడు రావచ్చు. కాబట్టి ఆ గ్రేడు "నీకు ఎంత వచ్చు" అన్నది ఒక్కటే చెప్పదు. "నీకు ఎంత వచ్చు, నీ పక్కన ఎవరున్నారు" అన్న రెండింటినీ కలిపి ఒక్క అక్షరంలో చెబుతుంది. పిల్లలు దానిలో రెండో సగాన్ని మరిచిపోయి, మొత్తం బరువును తమ మీద వేసుకుంటారు.

మనిషి ఇలా ఎందుకు చేస్తాడన్నది మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా తెలిసిన విషయమే. తమ శక్తిని కొలుచుకోవడానికి సరైన కొలబద్ద దొరకనప్పుడు మనుషులు పక్కవాళ్లతో, అందులోనూ తమలాంటివాళ్లతో, పోల్చుకుంటారని లియాన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతీకరించాడు. తర్వాత హెర్బర్ట్ మార్ష్, ఆయనతో జాన్ పార్కర్, 1984లో బడి పిల్లల మీద చేసిన పరిశోధనతో దీన్ని చదువుకు వర్తింపజేశారు. సమానమైన శక్తి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు మామూలు బడిలో, ఇంకొకరు అందరూ బాగా చదివే బడిలో ఉంటే, రెండో పిల్లవాడికే తన మీద తనకు తక్కువ అభిప్రాయం ఉంటుంది. దీనికి వాళ్లు చిన్న చెరువులో పెద్ద చేప అన్న పేరు పెట్టారు. భీమవరం వైపు చెరువుల గట్ల మీద తిరిగినవాళ్లకు ఈ పేరును విడమరచి చెప్పనక్కర్లేదు. 2003లో మార్ష్, కిట్-టాయ్ హావ్ కలిసి 26 దేశాల్లో లక్ష మందికి పైగా పదిహేనేళ్ల పిల్లల సమాచారాన్ని పరిశీలించినప్పుడు కూడా ఇదే కనిపించింది. అంటే ఇది ఏదో ఒక ఊరి పిల్లల బలహీనత అనుకోవడానికి లేదు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. తగ్గేది శక్తి కాదు, శక్తి మీద తనకున్న అభిప్రాయం. అయితే ఆ అభిప్రాయం ఊరికే మనసులో కూర్చోదు. "నాకు లెక్కలు రావు" అనుకున్న పిల్లవాడు కష్టమైన కోర్సు తీసుకోడు, తరగతిలో చెయ్యి ఎత్తడు, ట్యుటోరియల్‌కు వెళ్లడం మానేస్తాడు. మూడు నెలల తర్వాత నిజంగానే వెనకబడతాడు. అప్పుడు మొదట అనుకున్న అబద్ధానికి సాక్ష్యం దొరికినట్టవుతుంది.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక మా వైపు ఆకుమడులు పోస్తారు. జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు. ఐఐటీల్లో కొత్త పిల్లలు చేరేదీ దాదాపు ఆ రోజుల్లోనే కాబట్టి, ఆ నెలల్లో పొలాల పక్కగా వెళ్లేటప్పుడు నాకు వాళ్లే గుర్తొస్తారు. ఆకుమడిలో ఒత్తుగా, కళ్లు చెదిరే పచ్చదనంతో ఉన్న నారు, చేలో నాటిన మర్నాటికే పసుపు తిరిగి వాలిపోతుంది. కొత్తవాళ్లు చూస్తే చచ్చిపోయిందనుకుంటారు. జరిగిందేమిటంటే, నారు పీకేటప్పుడు వేళ్లు తెగుతాయి. కొత్త వేళ్లు పుట్టేదాకా నేలలో నీళ్లున్నా మొక్క తాగలేదు. కొత్త వేళ్లు పట్టి మొక్క నిలదొక్కుకోవడాన్ని రైతులు మూన తిరగడం అంటారు. అప్పటిదాకా మడిలో నీళ్లు పలచగా నిలుపుతారు. పసుపు తిరిగిన మొక్కను చూసి ఏ రైతూ విత్తనాన్ని తిట్టడు. రైతు తెలివి ఇంకొకటి కూడా చెబుతుంది: ముదురు నారు నాటితే పిలకలు తక్కువ వస్తాయి. ఆకుమడిలో అవసరానికి మించి ఉంచేసిన మొక్కకు కొత్త నేలలో తేరుకోవడం కష్టం.

మరి మన పిల్లల విషయంలో తెగిన వేళ్లు ఏవి? అది తెలియకుండా ధైర్యం చెప్పడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

అన్నిటికంటే పెద్దది, లెక్క అంటే ఏమిటన్న భావన. కోచింగ్‌లో లెక్కలకు "మోడల్" ఉంటుంది. ఈ మాట నేనే రోజుకు పదిసార్లు వాడతాను. లెక్క చూడగానే ఏ మోడలో గుర్తుపట్టాలి, మూడు నిమిషాల్లో జవాబు తేల్చాలి. రెండేళ్లపాటు వారం వారం పరీక్షలతో ఈ గుర్తుపట్టే వేగాన్ని సానపెడతాం. ఐఐటీలో మొదటి ఏడాది కలన గణితం (కాల్‌క్యులస్) తరగతిలో ప్రొఫెసర్ వచ్చి, అవధి (లిమిట్) విలువ ఎంతని అడగడు. ఆ అవధి ఉందని నిరూపించమంటాడు. ఎప్సిలాన్ అనే దూరం ఎంత చిన్నదిచ్చినా దానికి సరిపోయే డెల్టా అనే దూరం ఒకటి దొరుకుతుందని వాక్యాల్లో రాసి చూపించాలి. ఇంటర్మీడియట్‌లో ఇలాంటి వందల లెక్కలకు జవాబు తేల్చిన పిల్లవాడు, ఈ ఒక్క ప్రశ్న ముందు రెండు గంటలు కూర్చుంటాడు. గణితంలో రెండు గంటలు ఒకే ప్రశ్న దగ్గర కూర్చోవడం పని జరుగుతోందనడానికి గుర్తు. కాని వేగమే తెలివి అని రెండేళ్లు మేము నూరిపోసిన పిల్లవాడికి అది మొద్దుతనంలా కనిపిస్తుంది. నా విద్యార్థి నోట ఆ మాట రావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, అక్కడ లెక్క అన్న మాటకు అర్థమే మారింది. ఆ మార్పు గురించి ముందే చెప్పాల్సిన బాధ్యత మాది. మేం చెప్పలేదు.

రెండోది గంట. కోచింగ్ హాస్టల్లో తెల్లవారకముందే లేపే గంట ఉంటుంది, చదువు గంటలుంటాయి, వెనక తిరుగుతూ చూసే మనిషి ఉంటాడు. ఐఐటీకి వెళ్లాక ఏ గంటా మోగదు. పదిహేడేళ్లు ఇతరులు గీసిచ్చిన రోజులో బతికిన పిల్లవాడు మొదటిసారి తన రోజును తానే గీసుకోవాలి. ముదురు నారు అన్నది దీని గురించే.

ఇక కంప్యూటర్ ప్రోగ్రామింగ్. నగరాల బడుల్లో ఎనిమిదో తరగతి నుంచి ప్రోగ్రాములు రాసినవాళ్ల పక్కన, మొదటిసారి కీబోర్డు మీద కుదురుగా వేళ్లు పెట్టిన పిల్ల కూర్చుంటుంది. ముందు బయలుదేరడాన్ని వేగంగా నడవడంగా పొరబడటం ఇక్కడ మరీ సులువు.

భాష సంగతి చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివిన పిల్లలకు ఇంగ్లీషు పాఠం అర్థం కాదని అనుకుంటారు. కోచింగ్‌లో రెండేళ్లు అవే పదాలు వినివిని పాఠం అర్థమవుతూనే ఉంటుంది. ఇబ్బంది అడగడం దగ్గర వస్తుంది. సందేహం తెలుగులో పుడుతుంది. దాన్ని ఇంగ్లీషులో పేర్చుకుని, తప్పు లేదని సరిచూసుకుని, నోరు తెరిచేలోగా ప్రొఫెసర్ రెండు బోర్డులు దాటిపోతాడు. అలా మింగిన సందేహాలు వారానికి ఇన్ని చొప్పున పోగవుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. నా దృష్టిలో వీటన్నిటి కంటే ఎక్కువ నష్టం చేసే వేరు ఇంకొకటుంది: ఒంటరిగా చదవడం. దీనికి ఒక పాత పరిశోధన గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

1970ల్లో అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే యువ గణిత పరిశోధకుడు ఒక ప్రశ్న పట్టుకున్నాడు. మొదటి ఏడాది కలన గణితంలో నల్లజాతి విద్యార్థులు చాలామంది ఎందుకు తప్పుతున్నారు? చైనా సంతతి విద్యార్థులు ఎందుకు బాగా చేస్తున్నారు? తోటి అధ్యాపకులను అడిగితే నాలుగు కారణాలు చెప్పారు: పట్టుదల లేకపోవడం, పునాది బలహీనంగా ఉండటం, ఇంట్లో ప్రోత్సాహం లేకపోవడం, పేదరికం. ట్రైస్‌మన్ రెండు వర్గాల నుంచి ఇరవై మంది చొప్పున తీసుకుని, వాళ్లు ఎలా చదువుతున్నారో నెలల తరబడి దగ్గరుండి గమనించాడు. ఆ నాలుగు కారణాల్లో ఒక్కటీ నిలవలేదు. తప్పుతున్న ఆ విద్యార్థుల్లో తమ బడికి మొదటి స్థానంలో నిలిచినవాళ్లూ ఉన్నారు. తల్లిదండ్రులు వాళ్ల చదువు కోసం ఏళ్ల తరబడి కష్టపడ్డారు.

ఆయన కంటపడిన తేడా వేరు. నల్లజాతి విద్యార్థులు దాదాపు అందరూ ఒంటరిగా చదువుతున్నారు. చిన్నప్పటి నుంచి చదువును, స్నేహాలను వేరువేరుగా ఉంచుకునే వాళ్లు ఇంతదాకా వచ్చారు. ఆ అలవాటే వాళ్లను గెలిపించింది కాబట్టి దాన్ని వదలలేదు. అధ్యాపకులు చెప్పిన లెక్క ప్రకారం వారానికి దాదాపు ఎనిమిది గంటలు శ్రద్ధగా కూర్చునేవాళ్లు. చైనా సంతతి విద్యార్థులు కూడా ముందు ఒంటరిగానే చదివేవాళ్లు, తర్వాత సాయంత్రాలు కలిసేవాళ్లు. కలిసి తినడం, ఒకరి లెక్క ఒకరు దిద్దడం, పాత ప్రశ్నపత్రాలతో ఒకరినొకరు పరీక్షించుకోవడం. అన్నీ కలిపితే వారానికి దాదాపు పద్నాలుగు గంటలు. గంటల తేడా ఒక్కటే కాదు. పదిమందీ ఒకే లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు, ఆ లెక్కే కష్టమైనదని వాళ్లకు తెలిసేది. ఒంటరిగా ఆగిపోయిన పిల్లవాడికి తానే బలహీనుడినని అనిపించేది. లెక్క ఒకటే, అర్థాలు రెండు.

తర్వాత ట్రైస్‌మన్ చేసిన పని నాకు ఇంకా నచ్చుతుంది. వెనకబడినవాళ్లకు సులువైన పాఠాలు మళ్లీ చెప్పే ప్రత్యేక తరగతి పెట్టలేదు. మామూలు కోర్సు కంటే కష్టమైన లెక్కలిచ్చి, చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టాడు. ఆ గుంపుల్లో చేరిన నల్లజాతి విద్యార్థుల ఫలితాలు బాగా పెరిగాయి. "మీరు బలహీనులు, రండి" అని పిలిస్తే మొదటి ర్యాంకు పిల్లలెవరూ రారు. "ఇక్కడ కష్టమైన లెక్కలున్నాయి, రండి" అంటే వస్తారు.

మన పిల్లల్లో ఎక్కువమంది ఆ ఎనిమిది గంటల వర్గంలోకే వస్తారని నేను అనుకుంటాను. మొదటి ర్యాంకు మనిషిని ఒంటరిని చేస్తుంది. బడిలో అందరూ వాళ్ల దగ్గరకు సందేహాలతో వచ్చినవాళ్లే. తాను ఇంకొకరి దగ్గరకు సందేహంతో వెళ్లడం వాళ్లకు అలవాటు లేదు. అందుకే నలభైకి పదకొండు వచ్చిన కాగితాన్ని మడిచి పుస్తకం అడుగున దాచి, తలుపు వేసుకుని ఇంకా ఎక్కువసేపు కూర్చుంటారు. పక్క గదిలో ఇంకొకడు అదే పని చేస్తుంటాడు.

"పోలికను బట్టి గ్రేడు ఇచ్చేటప్పుడు పక్కవాడికి చెబితే నాకే నష్టం కదా" అని నన్ను ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం. 600 మంది ఉన్న మొదటి ఏడాది కోర్సులో నీ సాయంతో ఒక్క స్నేహితురాలు నిన్ను దాటిపోతే నువ్వు దిగేది ఒక్క స్థానం. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల ఇద్దరూ చెరి ముప్పై స్థానాలు పైకి వస్తే ఆ ఒక్క స్థానం ఏపాటిది? పదిహేను మంది ఉన్న తరగతిలో ఈ లెక్క వేరేగా ఉంటుంది, ఒప్పుకుంటాను. మొదటి ఏడాది ఉమ్మడి కోర్సుల్లో అంత చిన్న తరగతి అరుదు.

అయితే కలిసి చదవమని చెప్పినంత సులువుగా అందరికీ సాగదు. ఐఐటీల్లో అమ్మాయిల కోసం అదనపు సీట్లు 2018లో మొదలై, 2020 నాటికి కనీసం 20 శాతం ఉండాలన్న లక్ష్యం పెట్టారు. ఇప్పటికీ కొన్ని శాఖల్లో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అబ్బాయిల హాస్టల్లో అర్ధరాత్రి దాకా సాగే చర్చల్లోకి వాళ్లు వెళ్లలేరు. ఆ చర్చల్లోనే పాత ప్రశ్నపత్రాలు చేతులు మారతాయి, ఏ ప్రొఫెసర్ ఎలా దిద్దుతాడో తెలుస్తుంది. లైబ్రరీలోనో, తరగతి గదిలోనో, సాయంత్రం ఏడింటికి అందరూ కూర్చునే ఏర్పాటు ఉంటే సగం ఇబ్బంది తీరుతుంది.

ఇంకో గోడ కులం. హాస్టల్లో కొత్తగా కలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "నీ ర్యాంకు ఎంత?" జేఈఈలో ఉమ్మడి ర్యాంకులతో పాటు వర్గాల వారీ ర్యాంకులూ ఉంటాయి కాబట్టి, ఆ ప్రశ్నకు జవాబుతో కులం బయటపడుతుంది. పరీక్ష ఫలితం అడిగినట్టే ఉంటుంది, కులం అడిగినట్టే అవుతుంది. 2023లో ఐఐటీ బొంబాయి తన మార్గదర్శకాల్లో, తోటివాళ్లను ప్రవేశ పరీక్ష ర్యాంకు అడగడం తగదని స్పష్టంగా పేర్కొనవలసి వచ్చింది. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో ఉంటున్న మనకు ఇది మరీ దగ్గరి విషయం. ఒక దళిత కుటుంబం నుంచి వెళ్లిన మొదటి పిల్లవాడు సందేహం అడగడానికి వెనకాడుతున్నాడంటే అది సిగ్గు ఒక్కటే కాకపోవచ్చు. తాను అడిగిన ప్రతి ప్రశ్ననూ ఎవరో తన సీటుకు వ్యతిరేకంగా సాక్ష్యంగా రాసుకుంటున్నారన్న భయం అది. ఆ భయాన్ని పోగొట్టాల్సిన బాధ్యత ఆ పిల్లవాడిది కాదు, గదిలో మిగతా అందరిదీ.

ఇలాంటి సందర్భాల్లో మన వైపు జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు కథ చెబుతుంటారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని, 1929లో కండరాల్లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ప్రపంచానికి చూపించారు. ఆయనంటే నాకు అపారమైన గౌరవం. అయినా మొదటి సెమిస్టర్‌లో కుంగిన పిల్లలకు నేను ఆ కథ చెప్పను. "నువ్వూ చివరికి అందరికంటే పైకి వెళ్తావు" అనే ఓదార్పు అందులో ఉంది. మళ్లీ ర్యాంకే కదా. చివరికి పైకి వెళ్లని పిల్లవాడి మాటేమిటి?

ఎందుకంటే నిజం చెప్పాలి: అందరూ తేరుకుని పైకి వెళ్లరు. కొందరు నాలుగేళ్లూ మధ్యలోనే ఉంటారు. దానికి కొంత వెల ఉంటుంది. ప్రాంగణ నియామకాల్లో సీజీపీఏ (అన్ని కోర్సుల గ్రేడు పాయింట్ల సగటు) ఇంత ఉండాలని గీత గీసే కంపెనీలున్నాయి. మొదటి ఏడాది గ్రేడ్లను బట్టి శాఖ మార్చుకునే అవకాశం చాలా ఐఐటీల్లో ఉండేది. దానివల్ల మొదటి ఏడాదంతా ఇంకో ప్రవేశ పరీక్షలా మారుతోందని బొంబాయి సహా కొన్ని ఐఐటీలు ఆ పద్ధతిని తీసేశాయి. మంచి పని చేశాయి. అయినా ఆ తరగతిలో మధ్యలో ఉన్న పిల్ల, దేశంలో ఆ విషయం బాగా తెలిసిన కొద్దిమందిలో ఒకతె. ఆ మాట ఆమెకు ఎవరో ఒకరు, మొహమాటానికి కాకుండా లెక్కతో చెప్పాలి.

ఎప్పుడు చెబుతామన్నదీ ముఖ్యమే. టిమోతీ విల్సన్, పాట్రిషియా లిన్‌విల్ 1982లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, మార్కుల గురించి బెంగపడుతున్న మొదటి ఏడాది విద్యార్థులకు సీనియర్ల మాటలు వినిపించారు. మొదట్లో మార్కులు తగ్గడం మామూలేనని, తర్వాత పెరిగాయని ఆ సీనియర్లు చెప్పారు. అది విన్నవాళ్లలో చదువు మధ్యలో వదిలేసినవాళ్లు తక్కువ, మార్కులూ మెరుగుపడ్డాయి. కొద్దిమంది మీద చేసిన పరిశోధనే కాబట్టి దాన్ని మంత్రంలా చూడకూడదు. కాని మన ఊళ్ల నుంచి వెళ్లిన సీనియర్ ఒకరు జూలైలోనే వచ్చి "నాకు మొదటి పరీక్షలో ఇన్ని వచ్చాయి" అని అంకె సహా చెప్పడానికి ఖర్చేమీ లేదు. మా కాలేజీలో కిందటేడు నుంచి ఇది మొదలుపెట్టాం.

ఇక ఇల్లు. రావులపాలెం దాటి ఎటు వెళ్లినా మే, జూన్ నెలల్లో పిల్లల ముఖాలతో, ర్యాంకులతో నిండిన ఫ్లెక్సీలు. ఆ ముఖాల్లో ఒకటిగా ఉన్న పిల్లవాడు నవంబరులో ఇంటికి ఫోను చేసి "నాన్నా, నాకు తక్కువ వచ్చాయి" అని ఎలా చెబుతాడు? ఊరు మొత్తానికీ తానిచ్చిన మాట తప్పినట్టు అనిపిస్తుంది. ఫోన్లు తగ్గిపోవడం, సంక్రాంతికి రానని చెప్పడం, నిద్ర తిండి పాడవడం, "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట ఒక్కసారైనా దొర్లడం: వీటిలో ఏది కనిపించినా మార్కుల మాట పక్కన పెట్టి ఆ రాత్రికే రైలెక్కండి. టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన సేవ అది. ఆ నంబరు పిల్లవాడి ఫోనులోనూ ఉండాలి, మీ ఫోనులోనూ ఉండాలి.

నాకు ఫోను చేసిన ఆ అబ్బాయి నాన్నగారిది మూడెకరాల వరి, కాస్త కొబ్బరి. మర్నాడు సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. "ఏమని అడగాలండీ వాణ్ణి? మార్కులు అడగొద్దంటున్నారు, మరి ఇంకేం మాట్లాడాలో నాకు తెలియదు" అన్నారు. "ఇవాళ ఎవరితో కలిసి కూర్చున్నావని అడగండి" అన్నాను. ఆయన అప్పుడే, నా ఎదుటే, ఫోను చేసి అదే మాట అడిగారు. అవతలి నుంచి చాలాసేపు మౌనం. ఎవరితోనూ కూర్చోలేదన్నాడు. ఆయన ఏమీ అనకుండా, తిన్నావా అని అడిగి పెట్టేశారు. ప్రతి రాత్రీ అదే ప్రశ్న అడిగేవారట. డిసెంబరు మొదట్లో ఒక రోజు నాకు ఫోను చేసి, మూడు రోజుల కిందట వాడు చెప్పిన జవాబు వినిపించారు.

"ఇద్దరు వచ్చారు నాన్నా, ఒకడిది బీహారు, ఒకడిది కేరళ. నాలుగో లెక్క ముగ్గురికీ రాలేదు. రేపు మళ్లీ కూర్చుంటాం."